ఎర్ర పట్టీ కింద నెత్తురు

కేసు విచారణకి నేను వెళ్ళేసరికి ఊపెల్ అపా రొట్టెలు కాలుస్తోంది. మోచేతి దాకా తడిగుడ్డ చుట్టుకుని, పరిచిన పిండిని అరచేతి మీద వేసుకుని, మండుతున్న తందూరులోకి నడుము దాకా వంగి లోపలి గోడకు ఫట్‌మని చరుస్తోంది. చరిచేముందు ప్రతి రొట్టె నడుమా మేకుల ముద్రతో ఒక పోటు. చెక్క పిడికి గుండ్రంగా దిగ్గొట్టిన ఇనుప మేకులవి. అందులో ఒక మేకు ఊడిపోయింది. అందుకే ఆ ఇంటి రొట్టె మీద చుక్కల వలయంలో ఒకచోట ఖాళీ ఉంది, పన్ను ఊడిన నోటిలా.

కొడుకు కనిపించకుండా పోయి నాలుగు రోజులైతే ఈవిడ తీరిగ్గా రొట్టెలు కాలుస్తోందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఆ చేతులు ఆగితే మనిషి కూలబడిపోతుందని చూడగానే నాకర్థమైంది.

"పని కానీ అపా, నేను ఆగుతాను," అన్నాను. మా దగ్గర పెద్దావిడని అలాగే పిలుస్తాం.

"ఆగడమెందుకు తల్లీ, అడుగు. చేతుల పని చేతులు చేసుకుంటాయి."

"బకస్ ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళాడు?"

"మంగళవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక. రొట్టెలు గుడ్డలో కట్టిచ్చా. పొగాకు బ్యారన్‌కి పోతున్నా, రాత్రికి రానేమో అన్నాడు."

ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన ఆ పాత బ్యారన్‌లోనే బకస్ కంప్యూటర్లు పెట్టుకున్నాడు. ఎన్నికల ప్రచారానికి ఏఐ వీడియోలు చేయడం అతని పని. మనిషి అనని మాట అన్నట్టు, వెళ్ళని చోటికి వెళ్ళినట్టు. కొత్త చట్టం వచ్చాక అలాంటి ప్రతి వీడియో మీదా ఎర్ర పట్టీ ఉండాలి. 'ఇది ఏఐతో తయారుచేసిన ప్రచార ప్రకటన' అని పట్టీ మీద రాయాలి, ఎన్నికల సంఘం ఇచ్చిన నంబరు వేయాలి. జనం దాన్ని పట్టీ చట్టం అంటున్నారు.

"వెళ్ళేముందు ఎవరితోనైనా గొడవపడ్డాడా?"

"ఫోన్‌లో అరిచాడు. వాడు అరవగా నేను వినడం అదే మొదలు. 'పట్టీ వేస్తేనే చేస్తా, లేకపోతే నా చేత్తో చెయ్యను' అన్నాడు. ఏం పట్టీరా అంటే, నీకు తెలీదులే అమ్మా అని పోయాడు."

"ఫోన్‌లో ఎవరు?"

ఆవిడ జవాబు చెప్పేలోగా గడప మీదనుంచి పెద్దకొడుకు అందుకున్నాడు. సాదిర్. ముప్ఫై దాటిన మనిషి, చొక్కా చేతులు మడిచి, గుర్రం కళ్ళేనికి గొర్రె కొవ్వు పట్టిస్తున్నాడు. ఎన్నికల్లో నిలబడ్డ కసిమాలీకి డ్రైవరతను.

"వాడికి రోజుకి పాతిక ఫోన్లు, చెల్లెమ్మా. ఎవరని చెప్తుంది ముసలావిడ? ఏ రష్యాకో కూలిపనికి పోయుంటాడు. ఇల్లిల్లూ అక్కడికే పోతోందిగా."

"మరి బకస్‌ని కసిమాలీ కొడుతున్నట్టు ఊరంతా తిరుగుతున్న ఆ వీడియో?"

"దాని నెత్తిన పట్టీ ఉందిగా. అబద్ధమని చట్టమే చెప్తుంటే మీరు మళ్ళీ వెతకడమేంటి?"

ఊపెల్ అపా ఇనుప కొక్కెంతో కాలిన రొట్టెను పైకి లాగింది. అది జారి బూడిదలో పడింది. ఆవిడ చటుక్కున వంగి తీసి, ఊది, ముద్దు పెట్టుకుని, ముందు కుడికంటికీ తరవాత ఎడమకంటికీ అద్దుకుని, పిట్టల కోసం ఎత్తుగా గోడ మీద పెట్టింది. మా ఊళ్ళో నుదుటికి ఆనించుకుంటాం. ఈ లోయలో ఇలా కాబోలు అనుకున్నాను.

"నేను చూడలేదు తల్లీ ఆ వీడియో," అందావిడ, నా వైపు తిరక్కుండా. "అందరూ ఫోన్లు తెచ్చి ముఖాన పెడుతున్నారు. 'భయపడకు అపా, అబద్ధమే, నీ కొడుకుని నిజంగా కొట్టలేదు' అంటున్నారు. అబద్ధమైతే నా కొడుకేడి? ఎవర్నడిగినా పట్టీ చూపిస్తారు. కొడుకుని చూపించరు."

"స్టేషన్‌కి వెళ్ళి, అక్కణ్ణించి బ్యారన్‌కి వెళ్తాను అపా. సాయంత్రానికి ఏదో ఒకటి తెలుసుకునే వస్తాను," అన్నాను.

సాదిర్ చేతిలో కళ్ళెం ఒక్క క్షణం ఆగింది.

*

స్టేషన్‌లో మేజర్ ఒరోజ్‌బాయ్ గది తలుపు తీసేసరికి కొడుతున్న చప్పుడు వినపడింది. కసిమాలీ మీద పోటీ చేస్తున్న జెనిష్ మాస్టారి తరఫున పోస్టర్లు వేసే సపర్ కుర్చీకి కట్టేసి ఉన్నాడు. పై పెదవి రెండుగా చీలింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మేజర్ అతని జుట్టు పట్టుకుని ముఖాన్ని గోడ మీది తెర వైపు తిప్పుతున్నాడు.

"చూడరా! నువ్వు చేసిందే, కళ్ళు తెరిచి చూడు!"

తెర మీద ఆ వీడియో. పైన ఎర్ర పట్టీ. కింద బకస్ మోకాళ్ళ మీద ఉన్నాడు. కసిమాలీ కొరడా తిరగేసి పట్టుకున్నాడు. సీసం పోసిన పిడితో మొదటి దెబ్బ చెవి మీద. బకస్ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకు ఆ వేళ్ళు వెనక్కి విరిగాయి. మూడోది నడినెత్తిన. అతను బల్ల మీది గుడ్డను పట్టుకుని దాంతోపాటే కిందికి జారాడు. ఆ తరవాతి దెబ్బలు తెర అంచుకు అవతల పడ్డాయి. చప్పుడు మాత్రం తడిగా వినపడుతూనే ఉంది.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కసిమాలీ టీ తాగుతూ తన్ను తానే చూసుకుంటున్నాడు. తెల్ల ఉన్ని టోపీ, తెల్ల చొక్కా. పోస్టర్లలో ఎలా ఉంటాడో అలాగే.

"రా అమ్మాయ్," అన్నాడు మేజర్. "మేకలు కాసే బళ్ళో చదివిన డిటెక్టివ్ రాలేదేమిటా అనుకుంటున్నా."

"ఆయన్ని ఎందుకు కొడుతున్నారు బైకే?" అన్నాను. పెద్దవాణ్ణి బైకే అనడం మా వాడుక, అన్నా అన్నట్టు.

"పట్టీ మీద నంబరు వీళ్ళది."

"వాళ్ళ ప్రతి పోస్టరు మీదా ఆ నంబరే ఉంది. ఊళ్ళో గోడలు చదవొచ్చిన ఎవడైనా కాపీ కొడతాడు."

"నేను చెయ్యలేదు ఎజే," అన్నాడు సపర్, అక్కా అన్న పిలుపుతో నా వైపు చూసి. మాటతోపాటు నెత్తురూ వచ్చింది. మేజర్ బూటుతో కుర్చీని తన్నాడు. కుర్చీతో సహా సపర్ వెల్లకిలా పడ్డాడు. వెనక్కి కట్టిన చేతుల్లో ఏదో పుటుక్కుమంది. అరవడానికి కూడా అతనికి ఊపిరి చాలలేదు.

నేనే కుర్చీ ఎత్తి నిలబెట్టాను. జిల్లా నేర పరిశోధనలో తప్పిపోయినవాళ్ళ కేసులు నాకు తోస్తారు. మేజర్‌ది ఎన్నికల నేరాల విభాగం. ఆయన ఖైదీ మీద నాకు అధికారం లేదు. ఆ వీడియో మీద ఫిర్యాదు చేసిన మనిషిని ప్రశ్నించే అధికారం మాత్రం ఉంది. కసిమాలీ ఎదుట కూర్చున్నాను.

"మంగళవారం సాయంత్రం ఎక్కడున్నారు?"

"మా బావమరిది కొడుకు పెళ్ళిలో, చెల్లీ. మూడొందల మంది నా చేత్తో పంచిన మాంసం తిన్నారు. వాళ్ళందరూ ఏఐ అంటావా?" తన జోకుకి తనే నవ్వాడు. "పోనీలే, ఆ యంత్రం నన్ను పదేళ్ళు చిన్నవాణ్ణి చేసింది. ఆ చెయ్యి విసురు చూడు! నా భుజం నొప్పి నాకే తెలుసు."

"పెళ్ళిలోంచి మధ్యలో ఎక్కడికీ వెళ్ళలేదా?"

"మాంసం పంచాక గుర్రాలు చూసుకోవడానికి వెళ్ళా. మళ్ళీ పాటల వేళకి ఉన్నా. నా డ్రైవర్ని అడుగు."

"బకస్ వాళ్ళ అన్నే కదా మీ డ్రైవరు."

"అవును. సొంత అన్నే ఏం కాలేదంటుంటే నీకెందుకు చెల్లీ గుండె నొప్పి?"

"మీ కొరడా ఏది? ప్రతి పోస్టర్లోనూ నడుముకి ఉంటుంది. ఇవాళ లేదు."

టీ గిన్నె పెదవి దాకా వెళ్ళి ఆగింది. "మనవడు విరగ్గొట్టాడు."

"సీసం పోసిన పిడినా?"

"బాగా తిని పెరిగాడు."

మేజర్ బల్ల మీద చరిచాడు. "చాలు! రాజధాని నుంచి పరీక్ష ఫలితం వచ్చింది. ముఖం ఏఐ చేసిందని తేల్చారు."

"ముఖం. మరి చేతులు? నేల? నెత్తురు?"

"చట్టం అడిగేది ముఖమూ గొంతూ. మిగతావి అడగలేదు, వాళ్ళు చూడలేదు. ఆదివారం ఓటింగు. పట్టీ ఉన్నా సరే, పోటీదారుణ్ణి హంతకుడిగా చూపించినందుకు సాయంత్రం ఎన్నికల సంఘం కూర్చుని మాస్టారి పేరు కొట్టేస్తుంది. నువ్వెళ్ళి తప్పిపోయిన గొర్రెల్ని వెతుక్కో."

కసిమాలీ లేచి టోపీ సర్దుకున్నాడు. పోతూ పోతూ సపర్ చీలిన పెదవిని బొటనవేలితో మెల్లగా నొక్కాడు, పిండి ఉబ్బిందో లేదో చూసినట్టు.

*

బ్యారన్ తలుపుకి తాళం లేదు. లోపల ఏమీ లేదు కూడా. బల్ల లేదు, కంప్యూటర్లు లేవు. నేలను నీళ్ళు పోసి రుద్దారు. గోడలకు కొత్తగా సున్నం వేశారు. పొగాకు కట్టలు వేలాడదీసే పాత దూలాలు మాత్రం పైన నల్లగా అలాగే ఉన్నాయి. మూలన ఆకులు గుచ్చే దబ్బనాలు తుప్పుపట్టి ఒక డబ్బాలో పడి ఉన్నాయి. వెనకవైపు కాంక్రీటు కలిపే యంత్రం గరగరమంటూ తిరుగుతోంది. కసిమాలీ గుర్రాలకు కొత్త శాల కడుతున్నారని దారిలోనే విన్నాను.

కెమెరా తగిలించి ఉండే మేకు ఏదో లెక్కకట్టి దాని కింద నిలబడ్డాను. ఫోన్‌లో వీడియో పెట్టి, ఈసారి కొట్టేవాణ్ణీ పడేవాణ్ణీ చూడకుండా చుట్టూ చూశాను.

బల్లగుడ్డ జారినప్పుడు దానితో పాటు రొట్టె ఒకటి నేల మీద దొర్లింది. అది తెర అంచు దాకా వెళ్ళి ఆగింది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. కసిమాలీది కాదు, అతని రెండు చేతులూ కొరడా మీద ఉన్నాయి. ఆ చెయ్యి రొట్టెను తీసుకుంది. తరవాత గోడ మీద నీడ మాత్రమే. నీడ రొట్టెను నోటి దగ్గరికి తెచ్చింది, ఇంకా పైకి తెచ్చింది, ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఆ తరవాత బల్ల అంచు మీద కాలేసి లేచి, చెయ్యి చాచి దూలం మీదికి ఎత్తింది. కింద దెబ్బల చప్పుడు ఆగలేదు.

తల ఎత్తి చూశాను. నీడ చెయ్యి చాచిన చోట దూలం గోడలో దిగి ఉంది. ఒక అరుగు లాంటిది. నిచ్చెన తెచ్చి ఆనించి మెట్టు మీద కాలు పెట్టాను.

వెనకనుంచి మెడకు తోలు బిగిసింది.

కాళ్ళు నేలను విడిచాయి. అరుపు గొంతులోనే నలిగిపోయింది. మోచేతితో వెనక్కి పొడిచాను, అతను కదల్లేదు. తల పట్టి నిచ్చెనకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి కళ్ళలోకి నెత్తురు కారింది. తోలుకి ఏదో జిడ్డు వాసన. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే గుర్తుపడతానని కాబోలు. కిందికి కూలబడుతూ చేతికి తగిలిన డబ్బాలోంచి దబ్బనం లాగి భుజం మీదుగా వెనక్కి పొడిచాను. అది ముంజేతిలో ఒక పక్క దిగి రెండో పక్కకు వచ్చింది. తోలు వదులైంది. దగ్గుతూ నేల మీద దొర్లాను. ముఖానికి మఫ్లరు చుట్టుకున్న మనిషి నన్ను వదిలి నిచ్చెన ఎక్కబోయాడు. అతనికి కావలసింది నేను కాదు. దూలం మీద ఉన్నది.

అతని కాలు పట్టి లాగాను. బూటు మడమతో నా పళ్ళ మీద తన్నాడు. అంతలో బయట జీపు హారన్ మోగింది. అతను వెనక కిటికీలోంచి దూకి పారిపోయాడు.

లేచాను. నిచ్చెన ఎక్కాను. దూలం చివర, సున్నం తగలని చోట, ఎండి రాయైన రొట్టె ఉంది. చుక్కల వలయంలో ఒకచోట ఖాళీ. ఒక అంచున గోధుమరంగు మరక, లోపలి దాకా పీల్చుకుని.

దిగేసరికి మేజర్ వాకిట్లో ఉన్నాడు. నా ముఖం మీది నెత్తురు చూసి కూడా ఆయన గొంతు తగ్గలేదు.

"నా కేసులో వేలు పెట్టొద్దని చెప్పానా లేదా?"

"ఇప్పుడే ఒకడు నన్ను చంపబోయాడు. దీనికోసం."

"రొట్టె కోసమా?" పెద్దగా నవ్వాడు. "రేపు పేపర్లో వేయిస్తా. రొట్టె దొంగను పట్టబోయిన డిటెక్టివ్ అని."

"వీడియోలో ఉన్న రొట్టె ఇదే. దీనికున్నది బకస్ నెత్తురు. ఆ వీడియో నిజం బైకే. పట్టీయే అబద్ధం."

"ఎవడైనా తాను చేసిన హత్యను తానే ఊరంతా తిప్పుతాడా?"

"పట్టీ వేసి తిప్పుతాడు. బకస్ కెమెరా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అది తీసిందల్లా ఇంటర్నెట్‌లో ఇంకెక్కడికో వెళ్ళి దాక్కుంటుంది. కంప్యూటరు పగలగొట్టినా పోదు. రేపో మాపో బయటికి రాక తప్పదు. అందుకని ముందే వాళ్ళు బయటపెట్టారు. కసిమాలీ ముఖం మీద కసిమాలీ ముఖాన్నే ఏఐతో మళ్ళీ అతికించారు, మీ పరీక్షకు దొరకాలని. ఇక అసలుది వచ్చినా జనం ఏమంటారు? ఓ, ఆ ఎర్ర పట్టీదేగా అంటారు. నేరం మాస్టారి నెత్తిన, గెలుపు ఈయన చేతిలో."

"కథలు బాగా చెప్తావ్. నేల కడిగారు, గోడలకు సున్నం వేశారు, అన్నీ మాయం చేశారు, సరే. అంత తెలివైనవాళ్ళు ఒక రొట్టెను వదిలేస్తారా? ఇలా తే!"

నా చేతిమీద కొట్టాడు. రొట్టె ఎగిరి నేల మీద పడింది.

మేజర్ వంగాడు. ఆలోచించలేదు. రొట్టెను తీసి, దుమ్ము ఊది, పెదవులకు తాకించి, నుదుటికి ఆనించుకుని, పెట్టడానికి ఎత్తైన చోటు కోసం తల తిప్పాడు.

అలాగే ఆగిపోయాడు.

"ఇప్పుడేం చేశారు బైకే?"

ఆయన తన చేతివైపు చూసుకున్నాడు.

"ఇది చెయ్యమని ఏ ఏఐకి ఎవరు చెప్తారు? హత్య వీడియో కావాలన్నవాడు కొరడా అడుగుతాడు, నెత్తురు అడుగుతాడు. రొట్టె తియ్యమని అడగడు. తీసినవాడికే తీశానని గుర్తుండదు. వాళ్ళు బల్ల మాయం చేశారు, నేల కడిగారు. రొట్టెను మాత్రం ఎవరూ పారెయ్యలేదు. మీరూ నేనూ కూడా పారెయ్యలేం."

ఈసారి మేజర్ గొంతు వేరుగా ఉంది. "ఆ పరీక్ష ఫలితం మీద సంతకం అయిపోయింది అమ్మాయ్. పొద్దున్నే పెట్టేశా. చట్టం ప్రకారం ఇక ఆ వీడియో అబద్ధం. ఏ కోర్టూ దాని ముఖం చూడదు."

"అయితే మనిషి కావాలి. బతికో, చచ్చో."

"ఎక్కడని వెతుకుతాం?"

ఆయన చేతిలో రొట్టె ఇంకా నుదుటి దగ్గరే ఉంది. నుదుటి దగ్గర. ఈ లోయలో పుట్టి పెరిగిన మనిషి ఈయన.

"బైకే, మీ ఇంట్లో ఎవరైనా రొట్టెను కళ్ళకద్దుకుంటారా?"

"కళ్ళకా? ఎక్కడా చూళ్ళేదు. ఎందుకు?"

వీడియో మళ్ళీ పెట్టాను. నీడ. ఒకసారి అటు, ఒకసారి ఇటు. కుడికన్ను, ఎడమకన్ను. అప్పుడే మెడకు అంటిన జిడ్డు వాసన కూడా ఏమిటో తెలిసింది. గొర్రె కొవ్వు. పొద్దున్న గడప మీద కూర్చుని కళ్ళేనికి పట్టించిన కొవ్వు.

*

ఊపెల్ అపా ఇంట్లో భోజనాల గుడ్డ పరిచి ఉంది. పొద్దున కాల్చిన రొట్టెలు మధ్యలో పేర్చింది. సాదిర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున మడిచి ఉన్న చొక్కా చేతులు ఇప్పుడు మణికట్టు దాకా దించి గుండీ పెట్టి ఉన్నాయి. ఎడమచేతి గుడ్డ మీద నల్లటి తడి. మేజర్ గుమ్మంలో నిలబడ్డాడు. సాదిర్ ఆయన్ని చూశాడు, నా చిట్లిన కనుబొమను చూశాడు, తల దించుకున్నాడు.

నేను ఎండిన రొట్టెను గుడ్డ మీద పెట్టాను. ఊపెల్ అపా మేకుల ముద్ర తెచ్చి దాని మీద ఆనించింది. ఖాళీ ఖాళీ మీద కూర్చుంది.

"నాదే," అంది. "మంగళవారంది. ఈ మరక నాది కాదు."

"అపా, వీడియో మీరు చూడాలి. చివర్లో కొంచెమే. చూడలేకపోతే..."

"పెట్టు."

చూసింది. కొడుకు వేళ్ళు విరిగినప్పుడు ఆవిడ వేళ్ళు గుడ్డను పట్టుకున్నాయి. అంతకుమించి కదల్లేదు. రొట్టె దొర్లింది. చెయ్యి వచ్చింది. గోడ మీద నీడ కదిలింది. అప్పుడు ఆవిడ నోరు మెల్లగా తెరుచుకుంది.

"చిన్నప్పుడు వీడికి కళ్ళు పుసులు కట్టి తెరుచుకోలేదు," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "మా అత్త రొట్టె అద్ది అద్ది బాగుచేసింది. అప్పట్నుంచీ ఈ గడపలో రొట్టెను కళ్ళకే. వీడికి నేర్పింది నేనే. తమ్ముడికి నేర్పింది వీడు."

"అమ్మా," అన్నాడు సాదిర్. "నేను కొట్టలేదమ్మా. దేవుడి మీద ఒట్టు. జెనిష్ మాస్టారు తాగి మసీదు పెద్దల్ని బూతులు తిట్టినట్టు ఒక వీడియో కావాలన్నాడు కసిమాలీ. పట్టీ లేకుండా. వీడు చెయ్యనన్నాడు. రెండు దెబ్బలేసి భయపెడతానన్నాడు ఆయన. నేను తలుపు దగ్గర నిలబడ్డా. రెండే అన్నాడు. రెండే అనుకున్నా."

"కింద పడ్డ రొట్టెను తీశావు."

సాదిర్ తల ఊపాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

"కింద పడ్డ తమ్ముణ్ణి వదిలేశావా?"

అతను ముఖం మోకాళ్ళలో దాచుకున్నాడు. మేజర్ రెండంగల్లో వచ్చి అతని మెడ పట్టి గోడకేసి కొట్టాడు. "ఎక్కడ? ఎక్కడ పెట్టార్రా?"

"బ్యారన్ వెనక. సున్నపు గుంటలో." అతని ముక్కులోంచి నెత్తురు కారి తెల్లటి గుడ్డ మీద పడుతోంది. "నేనూ కసిమాలీయే. సున్నం పోస్తుంటే... వాడి చెయ్యి కదిలిందమ్మా. చెప్పాను, చెయ్యి కదిలింది అని చెప్పాను. నీ చెయ్యి కూడా కదలకుండా చెయ్యమంటావా అన్నాడు."

నా చెవుల్లో కాంక్రీటు యంత్రం గరగరమంటూ తిరుగుతోంది. గుర్రాల శాల. బ్యారన్ వెనక.

"కాంక్రీటు ఎప్పుడు పోస్తారు?" అన్నాను.

"ఇవాళే. ఎన్నికల సంఘం వాళ్ళు లేచేలోగా అయిపోవాలన్నాడు. అటువైపు సగం పొద్దున్నే పోసేశారు."

మేజర్ అప్పటికే స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు. అవతలి మాట వింటుంటే ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. "కసిమాలీ ఇందాకే బయల్దేరాడట. రెండు కార్లు, తుపాకులున్న మనుషులు. బ్యారన్ వైపే." నన్ను చూశాడు. "మనమక్కడికి వెళ్ళినట్టు తెలిసిపోయింది. నా దగ్గర పిస్తోలు, జీపులో ఒక కానిస్టేబులు. అంతే అమ్మాయ్. బలగం వచ్చేదాకా ఎవరూ కదలొద్దు. విన్నారా? ఎవరూ!"

ఊపెల్ అపా విన్నట్టు లేదు. పొద్దున కాల్చిన రొట్టెల్లోంచి ఒకటి తీసి పెద్దకొడుకు ముందు పెట్టింది. పెట్టి, దాన్ని బోర్లా తిప్పింది. చుక్కల వలయం కిందికి, మాడిన వీపు పైకి. రొట్టె ముక్క నేలన పడితే కళ్ళకద్దుకునే మనిషి. రొట్టెను బోర్లా పెట్టడం మా వైపు పాపం. ఆ ఇంట్లో రొట్టె బోర్లా పడటం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. సాదిర్ దాన్ని చూసి, చెంపదెబ్బ తిన్నవాడిలా గోడలోకి ముడుచుకుపోయాడు. సరిచెయ్యడానికి చెయ్యి చాచాడు. తల్లి కళ్ళు చూసి ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆవిడ లేచింది. తలగుడ్డ బిగించి కట్టుకుంది. తలుపు వెనక ఆనించి ఉన్న పారను అందుకుంది. మేజర్ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఆవిడ ఆ చేతివైపు చూస్తూ నిలబడింది. కొంచెంసేపటికి ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

పార భుజాన వేసుకుని ఊపెల్ అపా ఇల్లు దాటి బ్యారన్ దారి పట్టింది.